రక్షణ రొట్టెల సంఘం

"ఈ రోజు నుంచి మన సరిహద్దులో ఏ జవానూ ఖాళీ కడుపుతో తుపాకీ పట్టుకోడు. రొట్టె సంగతి నాకు వదిలేయండి!"

చేపల శాఖ ఉపమంత్రి సర్దార్ ఉజాగర్ సింగ్ ‘దర్దీ’ గారు ఈ మాట అనగానే పట్టీ పట్టణంలోని మార్కెట్ యార్డు చప్పట్లతో మారుమోగిపోయింది. అది అరవై అయిదు సెప్టెంబరు. పంజాబు సరిహద్దు పొడుగునా యుద్ధం జరుగుతోంది. చేపలకు యుద్ధంతో పని లేదు కనక దర్దీ గారికి తీరిక చిక్కింది. ఇంకొకరైతే ఆ తీరికలో ఇంటిపట్టున కూర్చునేవారు. దర్దీ గారు అలాంటి మనిషి కాదు. దర్దీ అంటే పరుల బాధకి కరిగిపోయేవాడని అర్థం. ఆ బిరుదు కూడా జనాన్ని శ్రమపెట్టడం ఇష్టం లేక ఆయనే పెట్టుకున్నారు.

వేదిక కింద బంతిపూల దండ పట్టుకుని నిలబడ్డ గజ్జణ్ సింగ్ కళ్ళు చెమర్చాయి. గజ్జణ్ కోట్‌భాగా ఊరి పార్టీ కార్యదర్శి. సమితి అధ్యక్షుడి టికెట్ మీద ఆశతో అయిదారేళ్ళుగా దర్దీ గారి దండలు మోస్తున్నాడు. మెడలో వేసే అవకాశం మాత్రం ఇంకా రాలేదు. ఈసారి వచ్చింది.

దండ వేయించుకుంటూ దర్దీ గారు అడిగారు: "ఏమోయ్ గజ్జణ్, మీ ఊరు ఫ్రంట్‌కి దగ్గరే కదూ?"

"దగ్గరేమిటి జీ, కాలవ దాటితే చెరుకుతోట. ఆ తోటలోనే మన జవాన్లు కందకాలు తవ్వుకుని ఉన్నారు."

"పాపం, ఏం తింటున్నారు?"

గజ్జణ్ నిజం చెప్పేశాడు. ఆవేశంలో ఉన్నాడు కనక అలా జరిగిపోయింది. "రేషన్ లారీలు వచ్చే వంతెన బాంబు పడి కూలిపోయింది జీ. అప్పట్నుంచీ మా బేబే, ఊళ్ళో ఆడవాళ్ళూ కలిసి రొట్టెలు చేసి పట్టుకెళుతున్నారు."

దర్దీ గారి ముఖం మాడిపోయింది.

"ఎవరి పర్మిషన్‌తో?"

నిజమే. పర్మిషన్ ఎవరూ తీసుకోలేదు. గజ్జణ్ తల్లి ప్రసిన్నీని ఊరంతా బేబే అంటుంది, అంటే అమ్మ. ఆమె వాకిట్లో ఒక మట్టి తందూరుంది. యుద్ధం రాకముందు కూడా ఆ వీధి ఆడవాళ్ళందరూ ఎవరి పిండి వాళ్ళు తెచ్చుకుని, పత్తికట్టెలు మంటపెట్టి, అక్కడే రొట్టెలు కాల్చుకుంటూ ఊళ్ళో వాళ్ళందరినీ ఆడిపోసుకునేవాళ్ళు. ఇప్పుడు అదే తందూర్లో జవాన్లకి కాలుస్తున్నారు. గోధుమపిండి, నీళ్ళు, అంతే. దీపాలు, మంటలు కనబడకూడదన్న రోజులు కనక పొద్దుండగానే కాల్చేసి, నిప్పు ఆర్పేసి, గుడ్డల్లో చుట్టి, బుట్టలు నెత్తిన పెట్టుకుని పొలాలకి అడ్డంపడి పోతారు. రొట్టె కందకంలోకి చేరేసరికి ఇంకా పొగలు కక్కుతుండేది. ఇందులో ఒక ప్లాను లేదు. అధ్యక్షుడు లేడు. ఆఖరికి ఒక్క ఫోటో అయినా లేదు. జవాన్లు తింటున్నారన్న ఒక్క ఆధారం తప్ప ఈ పని జరుగుతోందనడానికి వేరే ఏ ఆధారమూ లేదు.

"ఇదా దేశసేవ? ఇది అరాచకం," అన్నారు దర్దీ గారు. "రేపు శత్రువు గూఢచారి ఎవడో ఆడవేషం కట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తే?"

గజ్జణ్‌కి ఒళ్ళు జలదరించింది. ఈ కోణం అతనికి తట్టనే లేదు.

ఆ సాయంత్రానికే రక్షణ రొట్టెల సంఘం పుట్టింది. దర్దీ గారు అధ్యక్షులు. ఆయన బావమరిది ఉపాధ్యక్షుడు. గజ్జణ్ కార్యదర్శి. ఊళ్ళో రొట్టెలన్నీ మొదట స్కూలు బిల్డింగ్‌కి చేరాలి. అక్కడ డాక్టరు పరీక్షించాలి. తర్వాత ఉపమంత్రి గారు స్వయంగా వచ్చి, స్వహస్తాలతో ఫ్రంట్‌కి తీసుకెళ్ళి పంచాలి. అప్పటిదాకా కాలవ గట్టు మీద ఒక కానిస్టేబుల్ కాపలా ఉంటాడు. సంఘం చీటీ లేని రొట్టె ఒక్కటి కూడా గట్టు దాటకూడదు.

గజ్జణ్ ఇంటికొచ్చి ఈ వివరాలన్నీ తల్లికి ఉత్సాహంగా చెప్పాడు. బేబే తందూరు ముందు కూర్చుని పిండి ముద్దలు చేస్తూ వింది.

"ఇక మీదట రొట్టెలు నేరుగా పొలానికి తీసుకుపోకూడదు బేబే. స్కూలుకి తేవాలి."

"స్కూలుకెందుకురా? జవాన్లు మళ్ళీ ఒకటో క్లాసులో చేరారా?"

"అక్కడ కమిటీ ఉంటుంది."

"కమిటీకి ఆకలేస్తోందా?"

"అబ్బ, నీకు అర్థం కాదు బేబే. ఇదిగో, ఇది చూడు." గజ్జణ్ సంచిలోంచి ఒక చెక్క దిమ్మ తీశాడు. రజాయిల మీద పువ్వులు అచ్చువేసే పనివాడి చేత చెక్కించింది. ‘మీ సేవలో, ఉజాగర్ సింగ్ దర్దీ, ఉపమంత్రి’ అని గురుముఖి అక్షరాలు తిరగేసి ఉన్నాయి. "ప్రతి రొట్టె మీదా పచ్చిగా ఉన్నప్పుడే దీన్ని నొక్కి, ఆ తర్వాత తందూర్లో పెట్టాలి. తినేవాడికి తెలియాలి కదా, ఎవరు పంపారో!"

బేబే తన ముంజేతులు చాపి చూపించింది. తందూర్లోకి వంగీ వంగీ మోచేతుల దాకా వెంట్రుకలు కాలిపోయి నున్నగా ఉన్నాయి.

"నీళ్ళు మోసింది నేను. పిసికింది నేను. నిప్పులో చెయ్యి పెట్టింది నేను. పంపింది వాడా?"

"అది పాలిటిక్స్ బేబే."

"ఓహో, దానికి చెయ్యి కాలదు కాబోలు," అంది బేబే.

పక్కన ఉన్న ఆడవాళ్ళు ఓణీలు అడ్డం పెట్టుకుని నవ్వారు. అయినా గట్టు మీద పోలీసు ఉన్నాడు. చేసేదేముంది? ముద్ర వేశారు.

మర్నాడు మధ్యాహ్నానికి స్కూల్లో బెంచీలన్నీ రొట్టెలతో నిండిపోయాయి. చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. ప్రతి రొట్టె నడుమా దర్దీ గారి పేరు. ముద్ర నొక్కిన చోట పొంగక అట్టలా అయింది గానీ అక్షరాలు మాత్రం ముత్యాల్లా వచ్చాయి. మనుషుల డాక్టరు గాయపడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు కనక పరీక్షకి పశువుల డాక్టర్ని పిలిచారు. ఆయన ఒక రొట్టె తీసి, బయట కట్టేసిన గేదెకి పెట్టాడు. గేదె వాసన చూసింది, తిన్నది, ఇంకోటి కావాలన్నట్టు చూసింది.

"ఫస్ట్‌క్లాస్," అన్నాడు డాక్టరు. "గేదెకి పడింది కనక జవానుకీ పడుతుంది." అక్కడికక్కడే సర్టిఫికెట్ రాసిచ్చాడు.

ఇక దర్దీ గారు రావడమే తరువాయి. వస్తారని గజ్జణ్ గుమ్మంలో నిలబడే ఉన్నాడు. పొద్దు వాలాక ఫోన్ వచ్చింది. జలంధర్ నుంచి రావలసిన ఫోటోగ్రాఫర్ రాలేదట.

"మీరు రండి జీ, రొట్టెలు చల్లారిపోతున్నాయి," అన్నాడు గజ్జణ్.

"నేనొస్తే రొట్టెలు పంచుతాను. బాగానే ఉంది. పంచినట్టు ఎవరికి తెలుస్తుంది? చరిత్రకి నువ్వు జవాబు చెబుతావా?"

చరిత్రకి జవాబు చెప్పే స్తోమత గజ్జణ్‌కి లేదు. స్కూలుకి తాళం వేశాడు. ఆ రాత్రి చెరుకుతోటకి ఏ బుట్టా వెళ్ళలేదు.

ఆ మర్నాడు ఫోటోగ్రాఫర్ వచ్చాడు గానీ దర్దీ గారు రాలేదు. త్యాగం గురించి మాట్లాడమని తరన్‌తారన్‌లో పిలిచారట. త్యాగం కనక కాదనలేకపోయారు. ఈలోగా ఎండా, గాలీ తమ పని తాము చేసుకుపోయాయి. గజ్జణ్ ఒక రొట్టె తీసి బెంచీ మీద కొట్టి చూశాడు. బెంచీ సొట్టపడింది. భయపడి ఫోన్ చేశాడు.

"జీ, రొట్టెలు రాయిలా అయిపోయాయి."

అవతల దర్దీ గారు క్షణం ఆలోచించారు. మామూలు మనిషైతే విచారించేవాడు. దార్శనికులకి ప్రతిదీ ఒక అవకాశమే.

"రాయిలానా? భేష్! అదే కావాలి. ఉక్కు జవానుకి ఉక్కు రొట్టె! పాడవదు, చెడదు, నెలల తరబడి నిలవుంటుంది. పేపరువాళ్ళకి చెప్పు, ఇది నా ఐడియా అని."

మర్నాడు పొద్దున్న పేపర్లో అలాగే వచ్చింది. గజ్జణ్ ఆ పేపరు చదువుకుంటూ స్కూలు వరండాలో కూర్చుని ఉండగా సుబేదార్ తిలోక్‌చంద్ వచ్చాడు. కొండప్రాంతపు మనిషి, నెమ్మదస్తుడు. బట్టల నిండా మట్టి. అతను మొదట బేబే ఇంటికి వెళ్ళాడు. బేబేయే అతన్ని వెంటబెట్టుకుని తీసుకొచ్చింది.

"గజ్జణ్ సింగ్ జీ, రొట్టెలు రావడం ఆగిపోయింది," అన్నాడు సుబేదార్. "మా కుర్రాళ్ళు చెరుకు నమిలి నీళ్ళు తాగుతున్నారు. రేషన్ రావడానికి ఇంకా టైముంది. లోపల రొట్టెలున్నాయని బేబే చెప్పింది. ఇస్తే నేనే మోసుకుపోతాను."

"అయ్యయ్యో, అలా ఎలా కుదురుతుంది సుబేదార్ సాబ్? ఇవి ఫ్రంట్‌లో ఉన్న జవాన్లకోసం మంజూరైన రొట్టెలు."

"నేను ఫ్రంట్ నుంచే కదా వచ్చాను."

"వచ్చారు. అదే చిక్కు. ఇప్పుడు మీరు ఫ్రంట్‌లో లేరు, ఊళ్ళో ఉన్నారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు."

సుబేదార్ గట్టు వైపు చూశాడు. "సరే, నేను ఫ్రంట్‌కి వెళ్ళిపోతాను. అప్పుడు పంపుతారా?"

"తప్పకుండా! ఉపమంత్రి గారు రాగానే."

"నీ నోట్లో మన్ను పడ," అంది బేబే కొడుకుని. "వాళ్ళు మన చెరుకుతోటలో చావడానికి కూర్చున్నార్రా! ముద్ద పెట్టడానికి నీకు రూలు కావాలా?"

"బేబే, అందరి ముందూ..."

"అందరి ముందే అంటాను. ఇంట్లో పిండంతా ఊడ్చి నీ కమిటీకి పట్టుకొచ్చావు. పోనీ ఈయనకి నేనైనా కాల్చి ఇద్దామంటే డబ్బాలో చారెడు పిండి లేదు."

ఆమె ఇంటికి పోయి చిన్న గుడ్డలో బెల్లం ముక్క మూటగట్టి తెచ్చి సుబేదార్ చేతిలో పెట్టింది. అతను ఆ మూట కళ్ళకద్దుకుని, గజ్జణ్‌కి కూడా మర్యాదగా నమస్కారం చేసి, గట్టు వైపు నడిచిపోయాడు. గజ్జణ్‌కి గుండె చివుక్కుమంది. అంతలో టికెట్ గుర్తొచ్చి మళ్ళీ సర్దుకుంది.

ఆ మధ్యాహ్నమే దర్దీ గారి జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. తలపాగా తీసి ఇనుప టోపీ పెట్టుకోవడం మతానికి విరుద్ధం కనక టోపీని జీపు బానెట్‌కి కట్టించారు. వీరత్వం ఎక్కడున్నా వీరత్వమే. రొట్టెలు గోనెసంచుల్లో నింపి జీపు వెనక వేశారు. ఫోటోగ్రాఫర్ ముందు సీట్లో కూర్చున్నాడు. గజ్జణ్ సంచుల మీద కూర్చున్నాడు. అంత గట్టి సీటు అతనికి పార్టీలో అంతవరకూ దొరకలేదు.

"భయమేస్తోందా గజ్జణ్?" అని అడిగారు దర్దీ గారు.

"లేదు జీ."

"నాకూ లేదు. డ్రైవర్, నెమ్మదిగా పోనీ. మరీ ముందుకి పోకు. చెరుకు కనబడితే చాలు, ఫోటోలో పడుతుంది."

కాలవకి గండి పడి గట్టు కింద దారంతా బురదైపోయింది. చెరుకు కనబడింది. అది కనబడ్డ చోటే జీపు వెనకచక్రాలు ఇరుసు దాకా దిగబడిపోయాయి. డ్రైవర్ ఎంత తొక్కితే అంత లోపలికి పోతోంది.

సరిగ్గా అప్పుడు ఊరి వైపు నుంచి వినబడింది. టుక్ టుక్ టుక్ టుక్.

"మెషిన్‌గన్!" అని అరిచారు దర్దీ గారు. "వెనక నుంచి వచ్చేశారు! మనల్ని చుట్టుముట్టారు!" ఆ మాట పూర్తయ్యేలోపే ఆయన సీటు కిందికి చేరిపోయారు. అంత శరీరం అంత చోటులో ఎలా పట్టిందో చూసినవాళ్ళకి ఇప్పటికీ అంతుపట్టదు.

చెరుకుతోట లోంచి సుబేదార్, నలుగురైదుగురు జవాన్లు పరుగెత్తుకొచ్చారు. వచ్చీ రాగానే భుజాలు ఆనించి జీపుని నెట్టసాగారు. రెండు మూడు రోజులుగా చెరుకు రసం మీద ఉన్నవాళ్ళు, వాళ్ళ కాళ్ళే బురదలో జారిపోతున్నాయి.

"చక్రాల కింద ఏదన్నా వెయ్యాలి," అన్నాడు సుబేదార్. "ఉండండి, చెరుకు నరికి తెస్తాం."

"నరికేదాకా నేను బతికుండాలిగా!" సీటు కింద నుంచి దర్దీ గారి గొంతు. "గజ్జణ్! ఆ సంచులు! సంచులు విప్పు!"

గజ్జణ్ చేతులు ఆగిపోయాయి. ఆ ప్రాంతంలో పొరపాటున రొట్టె తునక కిందపడితే తీసి నుదుటికి ఆనించుకుంటారు. అతనికి మాటలు రానప్పుడే బేబే చేయి పట్టుకుని నేర్పిన పని అది.

"జీ, అవి రొట్టెలు..."

"రొట్టెల మీద పేరు ఎవరిది? నాది! నేనే చెబుతున్నాను, వెయ్యి! నీకు టికెట్ కావాలా వద్దా?"

టుక్ టుక్ టుక్ టుక్.

గజ్జణ్ సంచులు విప్పాడు. మోకాళ్ళ మీద కూర్చుని, దర్దీ గారి పేరు మీద టైరు పడకుండా బోర్లించి, ఒక్కొక్క రొట్టే చక్రం కింద పేర్చాడు. జవాన్లు నెట్టడం ఆపి చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత సుబేదార్ "నెట్టండ్రా" అన్నాడు. ఉక్కు రొట్టె మాట నిలబెట్టుకుంది. ఒక్కటీ విరగలేదు. చక్రాలు కరుచుకుని పైకొచ్చాయి. జీపు వెనక్కి తిరిగి, ఊరు తప్పించి పక్కదారిన పట్టీ వైపు దూసుకుపోయింది. ఫోటోగ్రాఫర్ మంచి పనివాడు. అంత హడావుడిలోనూ జవాన్లు జీపుని నెడుతున్న ఫోటో ఒకటి తీసేశాడు.

వెనక వేలాడుతూ పోతున్న గజ్జణ్ ఒకసారి తిరిగి చూశాడు. ఒక జవాను వంగి, బురదలోంచి ఒక రొట్టె తీశాడు. దాన్ని చొక్కా చేతికి తుడిచాడు. నుదుటికి ఆనించుకున్నాడు. తక్కినవాళ్ళు కూడా వంగారు. గజ్జణ్ ముఖం తిప్పేసుకున్నాడు.

మర్నాటి పేపరు చూసి రాష్ట్రమంతా పులకించింది. ‘కాల్పుల మధ్య ఉపమంత్రి! అభిమానంతో జీపుని భుజాలమీద మోసిన జవాన్లు! రొట్టెలు నూటికి నూరుపాళ్ళూ ఫ్రంట్‌లోనే వినియోగం!’ చివరి వాక్యంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. పట్టీలో సన్మానం జరిగింది. దర్దీ గారు గజ్జణ్ భుజం మీద కాషాయరంగు శాలువా కప్పి, "నీలాంటివాళ్ళే దేశానికి కావాలి, టికెట్ సంగతి నేను చూసుకుంటాను," అన్నారు. లక్ష్యం నెరవేరింది కనక సంఘాన్ని ఆ వేదిక మీదే రద్దు చేశారు. గట్టు మీది కానిస్టేబుల్ కూడా ఇంటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం గజ్జణ్ శాలువాతో ఊళ్ళోకి వచ్చాడు. దారిలో పిండిమర దగ్గర ఆగిపోయాడు. లోపల ఇంజను ఆడుతోంది.

టుక్ టుక్ టుక్ టుక్.

మర గుమ్మంలో ఉన్న ఆడమనిషి అతన్ని చూసి, "మీ బేబేది ఇంకొక్క మూట మిగిలింది," అంది. "నిన్న మధ్యాహ్నం నుంచీ పడుతున్నాం. విత్తనాలకి దాచిన గోధుమంతా తెచ్చేసింది. వద్దన్నా వినలేదు."

గజ్జణ్ ఇంటికి నడిచాడు.

వాకిట్లో తందూరు పక్కన బుట్టలు వరసగా ఉన్నాయి. గుడ్డల కింద నుంచి ఆవిర్లు లేస్తున్నాయి. ఆడవాళ్ళు ఉల్లిపాయలు, పచ్చడి సర్దుకుంటున్నారు. బేబే నిప్పు మీద నీళ్ళు చల్లి ఆర్పింది. కొడుకుని చూసింది, శాలువాని చూసింది.

"బేబే, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఆకలి దంచేస్తోంది," అన్నాడు గజ్జణ్ మంచం మీద కూలబడి.

బేబే లోపలికి వెళ్ళి కంచం తెచ్చి ముందు పెట్టింది. అందులో ఒక్కటే రొట్టె ఉంది.

"సుబేదార్ పంపాడు," అంది. "తక్కినవన్నీ కాలవ నీళ్ళలో కడిగి, నానబెట్టుకుని తిన్నార్ట. ఇదొక్కటి నీకోసం ఉంచాడు."

గజ్జణ్ చేతిలోకి తీసుకున్నాడు. ఒక పక్క ‘మీ సేవలో, ఉజాగర్ సింగ్ దర్దీ, ఉపమంత్రి’ అని ఉంది. తిప్పి చూశాడు. రెండో పక్క టైరు అచ్చులో ఎండిన బురద. రెండు ముద్రలూ చక్కగా పడ్డాయి.

"ఆ బుట్టలోంచి ఒక వేడి రొట్టె ఇవ్వవా, బేబే?"

"అవి ఫ్రంట్‌లో ఉన్నవాళ్ళకిరా," అంది బేబే, బుట్ట నెత్తికెత్తుకుంటూ. "నువ్వు ఊళ్ళో ఉన్నావు."

ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు పొలాల్లోకి దిగిపోయారు. గజ్జణ్ చిన్నప్పటి అలవాటు కొద్దీ ఆ రొట్టెని నుదుటికి ఆనించుకోబోయి, ఏ పక్క ఆనించాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చున్నాడు.